అర మాత్ర, పావు మాత్ర

తమ్ముడు జ్వరంతో చనిపోయిన ఏడాది అమ్మకు గాబరా పట్టుకుంది. వీధి తలుపు చప్పుడైతే చాలు, గుండె పట్టుకుని కూలబడిపోయేది. నాన్న విశాఖపట్నంలో పని చేస్తూ ఆదివారాలకు వచ్చేవాడు కనక, చోడవరంలో డాక్టరు గారి దగ్గరికి అమ్మను తీసుకెళ్లే పని నాది. అప్పటికి పదో తరగతి చదువుతున్నాను. మందు చీటీ చదవగలిగేది ఇంట్లో నేనొక్కదాన్నే అన్న పొగరు కూడా ఉండేది.

డాక్టరు గారు రోజుకు రెండు మాత్రలు రాశారు. అమ్మకు నిద్ర పట్టింది. ఏడాది దాటినా అవే మాత్రలు. మేం వెళ్లినప్పుడల్లా ఆయన నాకే చెప్పేవారు: "మానాలనుకుంటే ముందు నాకు చెప్పండమ్మా. ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ వస్తాయి. ముందు అర తగ్గించాలి, కొన్నాళ్లకి ఇంకో అర. మీ అమ్మకి బోధపడదు, నువ్వు గుర్తుపెట్టుకో." పెద్దమనిషిలా తలూపేదాన్ని.

మా చర్చిలో ఆదివారం సాక్ష్యాలు ఉండేవి. జబ్బు నయమైనవాళ్లు లేచి నిలబడి ప్రభువు చేసిన మేలు అందరి ముందూ చెప్పుకోవాలి. ఒక ఆదివారం అమ్మ లేచింది. తమ్ముడు పోయాక నలుగురిలో నోరు విప్పని మనిషి. "నాకిప్పుడు గాబరా నేదు. పెబువే తీసీసేడు. ఇంక మాత్రలు ముట్టను" అంది. ముసలమ్మలు ఏడ్చారు. అలా చెప్పాక ఒక్కటి మింగినా సాక్ష్యం అబద్ధమైపోతుంది.

ఇంటికొచ్చి మాత్రల సీసా నా చేతిలో పెట్టింది. "పెంట మీద పారీసీయే గుంటా" అంది. డాక్టరు గారి మాట నాలిక చివరిదాకా వచ్చింది. కానీ అమ్మ మొహం వెలిగిపోతోంది. ఏడాదిగా ఆ మొహం కోసమే కాచుకుని ఉన్నాను. పైగా నాకు విశ్వాసం లేదంటారని భయం. పారేశాను.

మూడో రోజు నుంచి ఆమె చేతులు వణికాయి, నిద్ర కరువైంది. "సైతాను శోధిస్తన్నాడే" అని మోకాళ్ల మీదే ఉండిపోయింది. అప్పటికీ నేను చెప్పలేదు. పిరికిదాన్ని. ఆరో రోజు పొద్దున్న గంజి వారుస్తూ ఫిట్స్ వచ్చి పొయ్యి మీదికి పడిపోయింది. నేను లాగేసరికి కుడిచెయ్యి మోచేతిదాకా కాలిపోయింది.

డాక్టరు గారు ఇంజెక్షన్ ఇచ్చి, ఫిట్స్ ఆగాక నా వైపు తిరిగారు. "మాత్రలు ఎప్పుడు ఆపారు?"

"అయిపోనాయండి. కొండం మర్సిపోనాం" అన్నాను.

ఆయన నమ్మలేదు. మళ్లీ మాత్రలు మొదలుపెట్టి, ఏ వారం ఎంత తగ్గించాలో చీటీ మీద రాసిచ్చారు. నేను బ్లేడుతో అర చేసి, పావు చేసి ఇచ్చాను. కొన్ని నెలల్లో పూర్తిగా మానేసింది. అంతే పని.

అమ్మ మళ్లీ సాక్ష్యానికి లేవలేదు. చెయ్యి కొంగులో దాచుకుని వెనక వరసలో కూర్చునేది. మచ్చ చూసుకున్నప్పుడల్లా "నా ఇశ్వాసం సాల్నేదే" అనేది. డాక్టరు నాకు ముందే చెప్పారమ్మా, నేనే నీకు చెప్పలేదు అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆమె పోయేదాకా అనలేదు.