స్పీడోమీటర్ల దుకాణంలో తేలిన ఫిజిక్స్ పేపర్

మా ముత్తాతగారు గోదావరి జిల్లాలో ఒక సంస్థానానికి దివాను. తాతగారు పన్నెండు గ్రామాల ఎస్టేటుకు యజమాని. ఆయన ఎదురుపడితే తాసీల్దారు గుర్రం దిగి నడిచేవాడు. ఆ ఇంట్లో పుట్టి పాఠాలు చెప్పుకుని బతికినవాణ్ణి నేనొక్కణ్ణే. 2005లో అమీర్‌పేటలో, జావా, టెస్టింగ్ కోర్సుల బోర్డుల మధ్య ఒక మేడగదిలో ఫిజిక్స్ చెప్పేవాణ్ణి.

ఐటీ ఉద్యోగాల మీద వచ్చిన కుటుంబాల కోసం అప్పట్లో అమెరికా సిలబస్ స్కూళ్లు వెలిశాయి. వాటిలో పై తరగతికి అడ్వాన్స్‌డ్ ఫిజిక్స్ పేపర్లు రెండు రకాలు. ఆల్జీబ్రా మీద నడిచేది ఒకటి. అందులో వేడి, వెలుగు, విద్యుత్తు అన్నీ కొద్దికొద్దిగా వస్తాయి. డాక్టరీ వైపు వెళ్లేవాళ్లకు అది చాలు. రెండోది కాల్‌క్యులస్ మీద నడుస్తుంది. క్షణక్షణం మారేవాటిని లెక్కగట్టే గణితం అది. పాఠాలు తక్కువ, లోతు ఎక్కువ. ఇంజనీరింగ్‌కు ఇదే మేలు. తమ పిల్లలకు ఏది తగునో చెప్పమని తల్లిదండ్రులు నా దగ్గరికి వచ్చేవారు.

బషీర్ గారూ అలాగే వచ్చారు. మా వెనక సందులో స్కూటర్ల స్పీడోమీటర్లు బాగుచేసే దుకాణం ఆయనది. కూతురు సమీనా అలాంటి స్కూల్లోనే ఉచిత సీటు మీద చదువుతోంది.

"స్కూల్ల మేడం ఆల్జీబ్రాదే తీసుకోమంటున్నరు సార్. ఇది ఇంటలేదు. మార్కులు తగ్గితే ఫ్రీ సీటు పోతది. నాకు గదే ఫికర్."

"మెకానికల్ చదవాలంటే రెండోదే కావాలె అబ్బా," అంది సమీనా తండ్రితో.

ఆమె కాల్‌క్యులస్ చదవలేదు. అలాంటివాళ్లు ఆ పేపర్ తీసుకోవాలంటే స్కూలు పెట్టే ప్లేస్‌మెంట్ టెస్ట్, అంటే అర్హత పరీక్ష, పాసవ్వాలి. దానికి మూడు వారాలే ఉంది. నా అలవాటు ప్రకారం పది ఇంటిగ్రేషన్ లెక్కల కాగితం ఇచ్చాను. లైబ్రరీ పుస్తకం చూసి నేర్చుకున్న రెండే చేయగలిగింది.

"ఆల్జీబ్రాదే తీసుకోమ్మా. చేతిలో ఉన్న సీటు పోగొట్టుకోకు," అన్నాను.

ఆ పిల్ల కాగితం మడిచి పుస్తకంలో పెట్టుకుని వెళ్లిపోయింది.

రెండు రోజులకు నా స్కూటర్ మీటర్ ముల్లు పడిపోయింది. దుకాణానికి వెళితే బషీర్ గారు సామాను కోసం పంజాగుట్ట వెళ్లారు. సమీనా స్కూలు యూనిఫాంలోనే మీటర్ విప్పి, బిగించి, వెనక డ్రిల్ మెషిన్ తగిలించి తిప్పింది. ఒక చూపు ముల్లు మీద, ఒక చూపు గోడగడియారం మీద.

"ఏం చూస్తున్నావమ్మా?"

"ముల్లు నలభై మీదుంటే నిమిషంన్నరకు కింద కిలోమీటర్ అంకె ఒకటి మారాలె సార్. అట్లయితేనే మీటర్ మంచిగున్నట్టు."

"ముల్లు నిలకడగా ఉంటే సరే. కదులుతూ ఉంటే?"

"అప్పుడు టైంని ముక్కలు చేస్త. ఒక్కో ముక్కల ముల్లు కదలనట్టే అనుకొని దూరాలు కూడుత. ముక్కలు ఎంత చిన్నగ చేస్తే లెక్క అంత కరెక్ట్ వస్తది."

"ఎవరు నేర్పారు?"

"ఎవరు నేర్పుతరు సార్? అబ్బా డ్రిల్ పాతది, ఒక్కతీరుగ తిరగదు. లెక్క తప్పొస్తుంటే గిట్ల చేసిన."

నేను స్టూలు మీద కూర్చున్నాను. ఇంటిగ్రేషన్ అంటే సరిగ్గా అదే. నా గదిలో ఆ లెక్కలు గడగడా చేసే పిల్లల్లో ఒక్కరూ ఈ మాట చెప్పలేదు. నేను అడగనూ లేదు.

మా వంశంలో మగవాళ్లు తప్పు ఒప్పుకున్న దాఖలా లేదు. బషీర్ గారు తిరిగొచ్చాక ఆయన ఎదుటే నేను ఒప్పుకున్నాను, సమీనాకు కాల్‌క్యులస్ పేపరే తగునన్నాను.

"మొన్న వద్దన్నరు, ఇయ్యాల కావాలంటున్నరు. సీటు పోతే ఎవరు జిమ్మేదార్ సార్?"

"టెస్ట్ తప్పితే ఆల్జీబ్రా పేపర్ ఎలాగూ ఉంది. పాసైతే ఏడాదంతా నేనే చదివిస్తాను. మార్కులు తగ్గితే నన్ను అడగండి."

ఆయన కూతురి వైపు చూశారు. "సార్ మీటర్ సుత జర అటుఇటు అయితది బేటా. సరే, పో."

టెస్ట్ దాకా మిగిలిన రోజుల్లో ప్రతి గణిత గుర్తునూ ఆ దుకాణం భాషలోనే చెప్పాను. దూరం గ్రాఫ్ వాలు అంటే ముల్లు, వేగం గ్రాఫ్ కింది వైశాల్యం అంటే కిలోమీటర్ల అంకెల చక్రం. టెస్టులో, వేగం వంపుగా మారే బస్సు గ్రాఫ్ ఇచ్చి దూరం అడిగారు. సమీనా జవాబుతోపాటు అది ఎందుకు సరైనదో కూడా రాసింది. వద్దన్న మేడమే ఆ జవాబు తరగతిలో చదివి వినిపించారట. ఏడాది చివర స్కూల్లో ఆ పేపర్‌కు అన్నిటికన్నా పై గ్రేడు వచ్చింది ఆమెకే. సీటు నిలిచింది. ఆ తర్వాత మెకానికల్‌లో చేరింది.

ఆ పేపర్‌కు తగరు అనదగ్గ పిల్లలు ఉంటారు, నిజమే. కానీ అది తేల్చాల్సింది ఎవరూ నేర్పని పది లెక్కలతో కాదని తెలిసింది. అప్పటి నుంచి ఎవరొచ్చినా ముందు మాట్లాడిస్తాను, కాగితం తర్వాతే.

మరుసటి జూన్‌లో ఆ ఎంపిక కోసం వచ్చిన పిల్లలు మేడగదిలో పట్టలేదు. శ్రీనగర్ కాలనీలో మా ఇంటి హాల్లోకి క్లాసు మార్చాను. బెంచీలకు చోటు కావాలి. ఆ హాల్లో వేసి ఉన్న తాతగారి దర్బారు కుర్చీలు ఆరూ అమ్మేశాను.