ఏసుపాదం గారి అడ్డదారి

ధవళేశ్వరం కాలువల ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు ఏసుపాదం గారికి ఒక అడ్డదారి ఉండేది. మండపేట పక్కన ఉన్న వాళ్ళ పల్లె నుంచి ఆఫీసుకి తారురోడ్డున ఇరవై ఎనిమిది కిలోమీటర్లు. ఆయన దారిన పదిహేడే. ఆ దారి ఎక్కడుందో ఆయనకి తప్ప ఎవరికీ తెలియదు. అందులో ఒక బోదె కాలువ మీద తాటిదుంగ ఉందనీ, దాని మీదుగా స్కూటరు ఆపకుండా పోనిస్తాననీ, తనని చూస్తే హారను కొట్టకుండానే కొంగలు పక్కకి తప్పుకుంటాయనీ ఆయనే చెప్పేవారు. ఓసారి మిల్లు లారీ డ్రైవరొకడు ఆయన వెనకే వచ్చి, మలుపు తప్పి పాలకొల్లులో తేలాడట. మధ్యలో గోదావరి ఎలా దాటాడని ఎవరైనా అడిగితే, "అదేనండి వింత, వాడికీ తెలీదు" అనేవారు.

ఆయన తండ్రి చిట్టియ్య, కాలువ లాకుల తలుపులు ఎత్తి దించే లస్కరు. రోజుకి పది మాటలు మాట్లాడితే గొప్ప. తండ్రి వాడకుండా వదిలేసిన మాటలన్నీ కొడుక్కి వచ్చాయి. లూథరన్ చర్చిలో సాక్ష్యం చెప్పడానికి ఏసుపాదం గారు లేస్తే, ఆడవాళ్ళందరికీ పొయ్యి మీద పెట్టొచ్చిన కూర ఒకేసారి గుర్తొచ్చేది.

నిజానికి అడ్డదారి లేదు. ఉద్యోగంలో చేరిన మొదటి వారం అప్పటి ఆఫీసరు, "దూరం నుంచి వచ్చేవాళ్ళు టైముకి రారయ్యా" అన్నారు. మర్నాటి నుంచి ఈయన ఐదింటికే లేచి, అందరికంటే ముందొచ్చి కుర్చీలో కూర్చున్నారు. ఎలా వచ్చావయ్యా అంటే, నిద్ర మానుకుని వచ్చానని చెప్పుకోవడానికి నామోషీ అనిపించి, "అడ్డదారండి" అన్నారు. ఇరవై రెండేళ్ళుగా ఆ ఒక్క మాటకి కొమ్మలూ రెమ్మలూ పెంచుతూ వచ్చారు.

ఈ ఏడు పెట్రోలు ధర మళ్ళీ పెరిగింది. పోనీ బస్సెక్కుదామంటే టిక్కెట్టూ పెరిగింది. "ఆ బండిని అమ్మేసి ధవళేశ్వరంలోనే గది తీసుకోండి. వారానికోసారి ఇంటికి వద్దురుగాని" అంది భార్య దీనమ్మ. వారంలో ఆరు రోజులు, వినేవాళ్ళు లేని గదిలో ఏసుపాదం గారు ఏమైపోవాలి?

అంతలో చల్లటి కబురొచ్చింది. ఉద్యోగానికి రోజూ ఒకవైపు పాతిక కిలోమీటర్లు దాటి వచ్చేవాళ్ళకి ఆదాయపు పన్నులో తగ్గింపు ఇస్తారట. రోజూ వచ్చే దారి ఎంతో ఆఫీసులో పైవాళ్ళు సంతకం పెట్టి ఇస్తే చాలు. "అది వస్తే బండి ఉంచండి, రాకపోతే గదే" అని తేల్చేసింది దీనమ్మ.

ఏసుపాదం గారు ఫారం నింపి ఇచ్చారు. సూపరింటెండెంటు సీతారామలక్ష్మి గారు కళ్ళజోడు పైనుంచి చూశారు.

"ఇరవై ఎనిమిదేంటండీ? మీది పదిహేడు కదా?"

"రోడ్డున అయితే ఇరవై ఎనిమిదండి..."

"రోడ్డున మీరెప్పుడొచ్చారండీ? ఇక్కడ 'రోజూ వచ్చే దారి' అని రాసుంది. మీది పదిహేడని మా అత్తగారికి కూడా తెలుసు."

పక్క సీటు పల్లంరాజు గారు ఊరుకుంటారా? "వేసవిలో పదహారేనండి. ఎండకి దారి కుంచించుకుపోద్దని ఈయనే చెప్పారు."

"ఓ పని చెయ్యండి" అన్నారావిడ. "రేపు పొద్దున్నే పల్లంరాజు గారు మీ ఇంటికొస్తారు. వెనక కూర్చోబెట్టుకుని, రోజూ వచ్చే దారినే రండి. మీటరు ఎంత తిరిగితే అంతకి సంతకం పెడతాను."

"ఆయ్" అన్నారు ఏసుపాదం గారు. ఆ మాట ఆయనకే వినపడలేదు.

మర్నాడు పల్లంరాజు గారికి ఇడ్లీలు వడ్డిస్తూ దీనమ్మ మొగుడి చెవిలో, "తిన్నగా రోడ్డెక్కండి, మీకు పుణ్యముంటుంది" అంది. రోడ్డెక్కితే పన్ను తగ్గుతుంది, అడ్డదారి పోతుంది. ఊరి చివర బండి ఆగింది.

"ఎటండీ?" అన్నారు పల్లంరాజు గారు, సినిమా మొదలవబోతున్నట్టు ముందుకి వంగి. ఆ గొంతులో వెటకారం ఉండుంటే ఏసుపాదం గారు రోడ్డే ఎక్కేవారు. వెటకారం లేదు. పాపం, ఆయనకి నిజంగానే ఆ దారి చూడాలని ఉంది. బండి ఎడమకి తిరిగి మట్టి పుంతబాటలో పడింది.

పుంత అయ్యాక పొలం గట్టు, గట్టు అయ్యాక ఇటుకబట్టీ. అక్కణ్ణుంచి బయటపడితే కడియం పూలతోటలు. మొక్కలకి నీళ్ళు పెడుతున్న ఒకావిడ, "ఇందాకే వెళ్ళారు కదండీ ఇటు?" అంది.

"ఈ చర్చి మళ్ళీ వచ్చిందేంటండీ?" అన్నారు పల్లంరాజు గారు.

"ఇది వేరే మిషనుదండి. రంగొకటే."

తరవాత బోదె ఒకటి అడ్డమొచ్చింది. దాని మీద నిజంగానే తాటిదుంగ ఉంది. అది చూసి పల్లంరాజు గారి కంటే ఏసుపాదం గారే ఎక్కువ ఆశ్చర్యపోయారు. బండి దిగి నెట్టుకుంటూ దాటారు. పల్లంరాజు గారు మాత్రం సగమే దాటి, మిగతా సగం నడుములోతు బురదలో నడిచారు.

పదకొండు దాటాక ఆఫీసు చేరితే మీటరు నలభై ఒకటి తిరిగింది.

సీతారామలక్ష్మి గారు ఆ అంకె చూశారు, బురద చూశారు. "అడ్డదారే నలభై ఒకటైతే అసలు దారి ఏ ఊరి మీదుగా వస్తుందండీ?" ఆఫీసంతా ఘొల్లుమంది. ఆవిడ కలం తీశారు. "సరే, మాటిచ్చాను. నలభై ఒకటికే పెడుతున్నాను."

పెడితే తగ్గింపు వస్తుంది, అడ్డదారీ నిలబడుతుంది. ఏసుపాదం గారు నోరు మూసుకుంటే చాలు. కలం కాగితం మీద ఆనింది.

"వద్దండి" అన్నారాయన. "ఇరవై ఎనిమిదే రాయండి. కబురు ఎంతైనా సాగదీస్తాను గాని, సర్కారు కాగితాన్ని సాగదియ్యలేనండి. మా నాన్న లస్కరు. లాకు దగ్గర నీటిమట్టం ఒక్క అంగుళం తప్పు రాయలేదు. అడ్డదారి లేదండి. ఎప్పుడూ లేదు."

ఎవరూ నవ్వలేదు. ఆవిడ ఇరవై ఎనిమిది వేసి సంతకం చేశారు. తలెత్తకుండానే, "అయితే ఇన్నేళ్ళూ చీకటితోనే లేచారాండీ?" అన్నారు.

"ఆయ్."

వరండాలోంచి పల్లంరాజు గారి గొంతు వినిపించింది. ప్యాంటు పిండుకుంటూ ఎవరికో చెబుతున్నారు. "లేకపోవడమేంటండీ, నేను నా కళ్ళతో చూశాను! తాటిదుంగ మీద సగానికొచ్చామా, కింద పామండి, కొబ్బరిచెట్టంత..."

ఏసుపాదం గారి పెదవులు కదిలాయి. కాళ్ళు గుమ్మం వైపు తిరిగాయి.

"ఏసుపాదం గారూ," అన్నారు సీతారామలక్ష్మి గారు, "సంతకం తడి అన్నా ఆరనివ్వండి."

భోజనాల వేళ దాకా ఆగారు. ఆ తరవాత పాములు రెండయ్యాయి.