తలవాకిట్లో జెముడు కొమ్మ

దగ్గరగా జరిగి కూర్చోండి. కాళ్లు చాపుకున్నా ఫర్వాలేదు, చెవులు మాత్రం ఇటు పెట్టండి. మొన్న మా కోడలు నర్సరీ నుంచి పింగాణీ కుండీలో జెముడు మొక్క తెచ్చి కిటికీలో పెట్టింది. నా గోరు తగిలి చుక్క పాలు కారాయి. ఆ పచ్చి వాసనకు ఎప్పటివో అనుమానాలన్నీ లేచి కూర్చున్నాయి.

మాది బేతంచెర్ల దాపున మగ్గాల ఇల్లు. ఊరి వెనక గుట్ట మీద, నాపరాళ్ల సందుల్లో, మేకలు కూడా మూతి పెట్టని జెముడు పొదలు మనిషెత్తు పెరిగి, ఎండాకాలంలో తక్కిన చెట్టూ చేమా మాడిపోయినా అవి మాత్రం ఎవరి మీదో కోపం ఉన్నట్టు ముళ్లు నిక్కబొడుచుకుని పచ్చగా నిలబడేవి. వాటి చాటున దాగుడుమూతలాడి, పాలు కంట్లో పడితే గుడ్డివాళ్లవుతారని అవ్వ తిట్టే తిట్లతోపాటే సజ్జరొట్టె, ఎర్రకారం తినేవాళ్లం. అమావాస్య నాడు అవ్వ ఒక కొమ్మ కొట్టించి, పసుపు కుంకుమ పెట్టి, నల్లదారంతో తలవాకిలికి తలకిందులుగా కట్టించేది. నీళ్లు లేకుండా అది పచ్చగా ఉంటే ఇల్లు చల్లగా ఉన్నట్టు. వాడితే ఎవరిదో కన్ను పడినట్టు.

చిన్నాయన పెళ్లయి చిన్నమ్మ కాపురానికొచ్చిన ఏడు, వానాకాలంలో ఆ కొమ్మ నల్లబడి, మెత్తబడి నీరు కార్చింది. అవ్వ మొదట పక్కింటి కాసింబీని అనుమానించింది, తర్వాత మా చీరలు బాగున్నాయన్న సంతమనిషిని. కొత్త కొమ్మ కట్టిస్తే అదీ కుళ్లింది. ఇక మిగిలింది కొత్తకోడలే.

"ఈయమ్మి కాలు పెట్టినప్పట్నించే ఇట్లయితాండాది. పుట్టింట్లో ఇడిసిపెట్టి రాపో" అంది చిన్నాయనతో. ఆయన మగ్గం గుంతలో తల వంచుకున్నాడు. చిన్నమ్మ ఏడవకుండా చీరలు మూట కట్టుకుంది.

అంతలో మజ్జిగ కోసం కాసింబీ వచ్చి, తల ఎత్తి కొమ్మను చూసి, తల దించి దాని కిందే ఉడుకుతున్న గంజికుండను చూసింది.

"ఏమక్కా, గంజిపొయ్యి ఈడికెప్పుడు మార్చినారు?"

"పెరట్లో వానకు ఆరిపోతాంటే వాకిట్లోకి తెచ్చినాం. అయితే ఏమి?"

"బండ మీద ఎండకు బతికేదానికి దినామూ ఆవిరి పట్టిస్తాండారు గదా! మీరే ఉడకబెట్టి సంపి, కోడలి మీద ఏస్తాండారా? ఇంగా నయం, ఆ పిల్లను కూడా పొయ్యి మీద పెట్టలేదు."

అవ్వ ఆ పూటే పొయ్యి ఆర్పించింది. నూలుకు పెట్టే గంజి కుండ పెరటి చూరు కిందికి పోయింది, మూడో కొమ్మ వాకిలికెక్కింది. చిన్నమ్మ పుట్టింటికి పోలేదు గానీ మూట మాత్రం విప్పలేదు, విప్పమనీ ఎవరూ అనలేదు. ఉగాది ముందర ఆ కొమ్మ కొసన పచ్చటి చిగురు పొడిచింది.

"ఏమ్మే, ఆ మూట యాడ పెట్టినావు? ఇప్పి సర్దుకో. ఓళిగలకు పప్పు రుబ్బాల" అంది అవ్వ, గోడ వైపు చూస్తూ. కాసింబీకి ఆ గుట్టు ఎట్లా తెలిసిందా అని మాత్రం చచ్చేదాకా అనుమానపడింది.

ఇప్పుడు ఆ గుట్ట లేదు, బండలుగా లారీలెక్కి పోయింది. మగ్గం గుంతా పూడిపోయింది. మా కోడలు కుండీకి రోజూ నీళ్లు పోస్తోంది. అది కుళ్లితే ఈ ఇంట్లో అనుమానం మొదట ఎవరికి పుడుతుందో నాకు తెలుసు. అందుకే పొద్దున్నే కుండీని ఎండలోకి జరిపాను.

మీ వాకిట్లో కట్టింది పచ్చగా ఉండాలి. అది వాడినా, మీ ఇంటికొచ్చిన పిల్ల ముఖం వాడకుండా ఉండాలి.