కంకణం కట్టిన విమానం

ఆ రోజుల్లో నా కోపం ముక్కు మీదే ఉండేది. రేణిగుంట విమానాశ్రయంలో మెకానిక్కుగా చేరి, విమానం ఎగరవచ్చని సంతకం పెట్టే అధికారం కొత్తగా వచ్చిన రోజులు మరి (ఆ సంగతి మా నాయన వీధంతా చాటేశాడు). అప్పుడే చిత్తూరులో మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఉన్న ఒకాయన చిన్న జెట్ విమానం కొన్నాడు. చాటుగా ఆయన్ని గుజ్జు సారు అనేవాళ్లం. రెక్కల వెనక అంచున కదిలే పలకలుంటాయి. విమానం ఒరగాలన్నా, మళ్లీ నిలదొక్కుకోవాలన్నా అవే దిక్కు. వాటి కీళ్లు పరీక్షించందే ఎగరనివ్వకూడదని ఖచ్చితమైన ఆదేశం. పొద్దుటినుంచీ ఎండలో నిచ్చెనెక్కి, టార్చి వేసి, కీలు కీలూ చూసి, పలకల్ని చేత్తో ఆడించి, తృప్తిగా కాగితాల కోసం లోపలికి వెళ్లాను.

తిరిగొచ్చేసరికి పూజారి వచ్చి వాహనపూజ కానిచ్చేశాడు. చక్రాల కింద నిమ్మకాయలు, సరే. ముక్కుకు పూలదండ, అదీ సరే. కానీ కీళ్ల సందుల్లో పసుపూ గంధమూ మెత్తి, కదలాల్సిన పలకనూ కదలని రెక్కనూ కలిపి, కొత్త లారీకి కట్టినట్టు పసుపు కంకణం బిగించేశారు! నా ఒళ్లు మండిపోయింది. కత్తెర తీశాను.

"ఏందప్పా, కంకణం తెంపుతావా? అపశకునం!" గుజ్జు సారు అడ్డం వచ్చాడు.

"ఆ పలక ఆడకపోతే విమానం మాట వినదు సార్. కీళ్లన్నీ తుడిచి మళ్లీ సూడాల. అందాకా సంతకం పెట్టను."

"రాహుకాలం వచ్చేస్తా ఉండాది. బోడి దారానికి విమానం నిలిచిపోతాదా? పెట్టవయ్యా!"

(నిమిషం ముందు పవిత్ర కంకణం, ఇప్పుడు బోడి దారం!) మా పెద్ద సారు చెవిలో గొణిగాడు: "పెట్టేయబ్బా, ఉద్యోగానికి ఎసరొస్తాది." పెట్టేయాలట! ఒక్క గుజ్జు డబ్బా ఉబ్బితే లారీ లోడంతా వెనక్కి తెప్పించే మనిషి, తన పెళ్లాం బిడ్డలు ఎక్కే విమానానికి మాత్రం కళ్లు మూసుకుని సంతకం పెట్టమంటాడా? భయం సగం, మంట సగం, పెట్టనంటే పెట్టనని అరిచేశాను.

"స్వామీ, కంకణం ఉంటే భయం లేదు గదా. మీరూ ఎక్కండి, హైదరాబాదు దాకా పోయి రావచ్చు," అన్నాను పూజారితో.

ఆయన రెక్కను చూశాడు, ఆకాశాన్ని చూశాడు. "సాయంత్రం కోవిల్లో పని ఉండాది నాయనా," అని కాసేపు ఆలోచించి, "ఉద్వాసన చెప్పేస్తే కంకణం విప్పచ్చులే. శాస్త్రంలోనే ఉండాది," అన్నాడు. దేవుణ్ణి సాగనంపే మంత్రం చదివి, నాలుగు అక్షతలు వేసి, ముడి తనే విప్పాడు.

నేను కీళ్లు తుడిచి, మళ్లీ పరీక్షించి, సంతకం పెట్టేసరికి రాహుకాలం కూడా దాటిపోయింది. మంచి ఘడియ కోసం తనే ఆపించానని గుజ్జు సారు తర్వాత అందరికీ చెప్పుకున్నాడట. పూజారి మాత్రం వెళ్తూ వెళ్తూ ఆ దారం నా మణికట్టుకు చుట్టాడు. "రెక్కకు వద్దంటివి. సంతకం పెట్టనన్న చెయ్యి గదా, దీనికన్నా ఉండనీ."

ఇప్పుడు ఇక్కడ పెద్ద సారు నేనే. ఎవరైనా తొందరపెడితే అరవను. కుర్చీ వేసి, టీ తెప్పించి, నిదానంగా కాదంటాను. కత్తెర పట్టుకుని అరిచిన ఆ కుర్రాణ్ణి తలచుకుంటే నవ్వొస్తుంది, కాస్త బెంగ కూడా. దారం ఎప్పుడో చివికి ఊడిపోయింది. అయినా సంతకం పెట్టే ముందు ఆ మణికట్టు ఒకసారి తడుముకుంటాను, వాడు ఇంకా అక్కడే ఉన్నాడా అని.