రెండు నిమిషాల నిద్ర

ఏడో నెల కడుపుతో ఆ అమ్మాయి రోజుకు పది గంటలు పరుపుల కొట్టులో నిలబడే ఉంటుంది. చుట్టూ ఇరవై పరుపులున్నా కూర్చోవడానికి కుర్చీ లేదు. ఒకసారి అడిగితే, "నువ్వు కూర్చుంటే వచ్చినవాళ్ళు లేచి వెళ్ళిపోతారమ్మాయ్," అన్నాడు యజమాని. ఆమె మళ్ళీ అడగలేదు. ఉబ్బిన పాదాలకు చెప్పులు పట్టకపోతే వాటిని కౌంటరు కిందకు తోసి, ఒక కాలి మీది బరువు ఇంకో కాలి మీదికి మార్చుకుంటూ దుప్పట్ల ముడతలు సవరిస్తుంటుంది. మధ్యాహ్నం గంటసేపు ఎడమవైపు తిరిగి పడుకోమంది డాక్టరమ్మ. ఆ మాట కొనేవాళ్ళకు చెప్పడానికే పనికొస్తోంది.

ఆమధ్య తనలాగే కడుపుతో ఉన్న ఒకావిడ వచ్చి, "ఎలా పడుకోవాలో ఓసారి చూపించమ్మా," అంది. ఈమె ఎడమవైపు ఒరిగి, మోకాళ్ళ మధ్య ఒక దిండు, పొట్ట కింద ఒక దిండు పెట్టుకుని, "ఇలాగండీ, నడుం మీద బరువు..." అంటూనే నిద్రపోయింది. యజమాని కొలత టేపుతో ఆమె పాదం మీద తట్టాడు. "బాగుందమ్మా వరస! జోల కూడా పాడమంటావా?" ఆవిడ పకపకా నవ్వి, "అంత హాయిగా ఉంటే ఇదే ఇచ్చేయండి," అంది.

అప్పటినుంచి ఎవరొచ్చినా యజమానే, "అమ్మాయ్, పడుకో," అంటాడు. బిల్లు రాయగానే, "ఇక లే," అంటాడు. ఆ రెండు నిమిషాలూ ఆమె పెదవి కొరుక్కుంటూ కళ్ళు తెరుచుకునే ఉంటుంది. "నిద్రపట్టాక లేపితే ఏడుపొస్తుందండీ," అంది ఒకసారి, ఎందుకలా అని అడిగిన ఒక కొనేవాడితో.

మీకెవరైనా అలా పడుకుని చూపిస్తే, "లేపకండి, ఆమె లేచాకే కొంటాం," అనండి. అని, అక్కడే నిలబడండి.