తాలుకాయల గీత

నా చిన్నప్పుడు, ఎనభైల మొదట్లో, దర్శి దగ్గర మా ఊళ్లో మిరపకాయలు ఆరబోసే కాలం వస్తే వీధంతా తుమ్ములే. మా పక్కింట్లో ఒక టీచరమ్మగారు ఉండేవారు. ఆవిడ ఒక్కగానొక్క కొడుకు యుద్ధవిమానం నడిపేవాడట. నేను పుట్టకముందు వచ్చిన యుద్ధంలో అతని విమానాన్ని సరిహద్దు అవతల కూల్చేశారు. ఇంటికి కాగితమే వచ్చింది, శవం కూడా రాలేదు.

అంతకుముందు సెలవులకొచ్చినప్పుడు అతను, "అమ్మా, ఆమధ్య మనూరి మీదుగానే వెళ్లానే. పైనుంచి అన్నీ ఎర్రటి కల్లాలే. మనది ఏదో పోల్చుకోలేకపోయాను" అన్నాడట. ఆ మాట ఆవిడకు ముల్లులా గుచ్చుకుంది. రంగుపోయి తెల్లబడ్డ తాలుకాయల్ని అందరూ ఏరి అవతల పోస్తే, ఆవిడ దాచిపెట్టి, ఇంటిముందు తన కల్లంలో ఎర్రకాయల నడుమ వాటితో ఈ చివరినుంచి ఆ చివరికి తెల్లటి గీత పరిచేవారు. కొడుకు పోయి పదేళ్లయినా మానలేదు. పెద్దవాళ్లు చూసీ చూడనట్టు పోయేవారు. పిల్లలం మేము మాత్రం నవ్వుకునేవాళ్లం.

"నోరా, వీపుకు తేకే" అని మా అమ్మ నన్ను ఊరికే అనేది కాదు. నాకు తొమ్మిదేళ్లప్పుడు ఒక మధ్యాహ్నం, తోటిపిల్లలు ఎగదోస్తే, ఆవిడ గుమ్మం ముందు నిలబడి "టీచరమ్మగారండీ, విమానం!" అని కేకేశాను. వాళ్లందరూ గోడ చాటుకు పరిగెత్తారు. ఆవిడ చేతిలో చేటతోనే బయటికొచ్చి, కాయలు తొక్కుకుంటూ కల్లం మధ్యకెళ్లి పైకి చూశారు. ఆకాశంలో కాకి కూడా లేదు.

ఇక తిట్లు తప్పవని బిగుసుకుపోయాను. ఆవిడ నా దగ్గరికొచ్చి, కారం చేత్తోనే నా చెయ్యి పట్టుకున్నారు.

"నీక్కూడా వినపడిందా తల్లీ? ఇన్నేళ్లూ నా ఒక్కదానికే వినపడుతోందనుకున్నానే."

లేదండీ, ఆటకి అన్నాను అని చెప్పాలి. కానీ ఆ మొహం చూసి, "వినపడిందండీ" అన్నాను.

"అయితే రామ్మా, గీత చెదిరింది, సర్దుదాం" అన్నారు. ఇద్దరం మోకాళ్లమీద కూర్చుని ఒక్కో తాలుకాయా పేర్చాం. మర్నాటిదాకా నా చేతులు మండాయి. మండాల్సిందేలే అనుకున్నాను.

ఆవిడ పోయేదాకా ప్రతి ఏడూ ఆ గీత పరచడానికి నేనే వెళ్లాను. ఎదురుచూసే మనిషితో ఆటలాడకూడదని ఎవరూ నాకు చెప్పనక్కర్లేకపోయింది. నా అబద్ధం సంగతి మాత్రం ఆవిడకు చివరిదాకా చెప్పలేదు.

ఇప్పుడు మా కల్లంలోనూ కాస్త తాలు ఏరి గీత పరుస్తాను. మావాళ్లు చాదస్తం అంటారు. అననీ. కొన్ని మధ్యాహ్నాలు పైన ఏమీ లేకపోయినా ఆ మోత నాకు స్పష్టంగా వినపడుతుంది. నీక్కూడా వినపడిందా అని అడుగుదామంటే పక్కన ఎవరూ ఉండరు.