టీ చల్లారేదాకా

నాకు మొదటి నుంచీ తొందర ఎక్కువ. అమీర్‌పేట హాస్టల్లో ఇడ్లీ నోట్లో కుక్కుకుని బయల్దేరితే, పంజాగుట్టలో ఆసుపత్రి గేటు దగ్గర మింగేదాన్ని. పాథాలజీలో చేరాకా అంతే, మైక్రోస్కోపులో స్లైడు పెట్టగానే పెద్ద లెన్స్ తిప్పేదాన్ని. మా మేడమ్‌ది వేరే పద్ధతి. ముందు ముక్కంతా ఒకేసారి కనపడే చిన్న లెన్స్ పెట్టి, పక్కనున్న టీ చల్లారేదాకా నోరు మూసుకుని చూడాలి. నాకు ఒళ్ళు మండేది.

ఒకరోజు యూసుఫ్‌గూడ ఆటో డ్రైవర్ ఊపిరితిత్తి ముక్క పరీక్షకు వచ్చింది. ఆయన పై వార్డులో ఆక్సిజన్ మీద ఉన్నాడు. పాత మచ్చయితే మందులతో పెద్దగా ఒరిగేదేమీ లేదు. కొత్త దెబ్బయితే మానుతుందన్న ఆశ ఉంది. రెండింట్లో ఏదో మేమే చెప్పాలి. పొద్దుటి నుంచీ రిపోర్టుల కౌంటర్ దగ్గర నిలబడ్డ ఆయన భార్య నన్ను ఆపి, "జర జల్ది జూడు బిడ్డా, మస్తు పరేషాన్ అయితున్నది" అంది.

తొందరపడమని నాకు వేరే చెప్పాలా! పెద్ద లెన్స్ కింద గాలి గదుల గోడలు మందంగా కనిపించాయి. "పాత మచ్చే మేడమ్" అనేశాను.

"టీ చల్లారిందా?" అన్నారావిడ.

"ఇప్పుడే తెచ్చారు మేడమ్."

"మరి ఏంటమ్మా నువ్వు చూసింది? కూర్చో."

ఉక్రోషంగా చిన్న లెన్స్ పెట్టుకుని కూర్చున్నాను. టీ మీద మీగడ కట్టింది. అప్పుడు తెలిసింది. పాత మచ్చయితే ఒకచోట ముదిరి, ఇంకోచోట లేతగా, పక్కనే బాగున్న భాగం కూడా ఉంటుంది. ఇక్కడ ఆ చివర నుంచి ఈ చివర దాకా అంతా ఒకే వయసు. ఒకేసారి దెబ్బ తగిలి, ఒకేసారి మానుతోంది. మళ్ళీ పెద్ద లెన్స్ తిప్పితే, గిన్నెకు గంజి ఎండినట్టు గోడల వెంట అక్కడక్కడా గులాబీ పొరలు, కొత్త దెబ్బకు గుర్తు. ఇందాకా అక్కడే ఉన్నాయి, నేనే చూడలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

"కొత్త దెబ్బ మేడమ్."

"రాయి మరి. ముందు వార్డుకి ఫోన్ చెయ్యి."

రెండు నెలలకు ఆ డ్రైవర్ తన భార్యతో కలిసి నడుచుకుంటూ మా గదికి వచ్చాడు. "నా ముక్క నాకు జూపిస్తరా మేడం?" అన్నాడు. చిన్న లెన్స్ పెట్టాను. ఒక కన్ను మూసి చూసి, "గింతేనా? గీ మరకలకేనా గంత లొల్లి!" అన్నాడు. నవ్వాపుకోలేకపోయాను.

తర్వాత ఆయన భార్య కూర్చుంది. చాలాసేపు చూసి, తలెత్తకుండానే అడిగింది. "ఇప్పుడు లోపట గిట్ల లేదు గదా బిడ్డా?"

"లేదమ్మా, మానింది."

అయినా ఆవిడ లేవలేదు. నా టీ చల్లారిపోతోంది. చల్లారనీ అనుకున్నాను.